నలభై రెండో స్థానం

పరుగు పందెం ముగిసింది. తల నుంచి పాదాల దాకా బురదైన కాలేజీ అమ్మాయి మైదానం అంచున చతికిలబడి ఉంది. తండ్రి నీళ్ళ సీసా అందించాడు.

“నలభై రెండో స్థానమైతే ఏమైందిరా తల్లీ. వానకి దారంతా ఊబిలా ఉంది. చివరిదాకా పరిగెత్తావు, అదే చాలు.”

“నన్ను ఓదార్చకు నాన్నా. నేనేం ఏడవట్లేదు.”

“ఒక బూటు ఏదీ?”

“బురద మింగేసింది. ఆగి వెతికితే పదిమంది నన్ను దాటిపోయేవాళ్ళు.”

“మరి నవ్వుతున్నావేంటి?”

“ఒక్కో కాలేజీలో ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కూడతారు నాన్నా. మొత్తం తక్కువొచ్చినవాళ్ళదే కప్పు. మాలో ఐదోదాన్ని నేనే.”

“అయితే?”

“చివరి గుట్ట మీద కప్పుకి మాతో పోటీపడుతున్న కాలేజీ ఐదో అమ్మాయి నాకంటే ముందుంది. రెండుసార్లు జారిపడ్డాను. మూడోసారి చేతులతో పాకి మరీ దాటేశాను. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం.”



“కప్పు మీదేనా?”

“మాదే. ఫోటోకి పిలుస్తున్నారు. మొహం కడుక్కుని వెళ్తాను.”

“కడగొద్దు, అలాగే వెళ్ళు. ఫోటోలో నీ మొహం కనపడకపోయినా ఫర్వాలేదు, ఆ బురద కనపడాలి.”