వేదిక ఎక్కిన కుంకుమ పళ్లెం

1992 జూన్ 15న కర్నూలులోని హంద్రీ కుంకుమ కంపెనీ వాటాల విభాగంలో గుమాస్తాగా ప్రవేశించి, స్వయంకృషితో, సౌజన్యంతో అదే విభాగానికి అధికారిణి అయిన శ్రీమతి శివజ్యోతిగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వాటాల విభాగంలో ఇన్నేళ్లున్నా వాదులాటల్లో వాటా తీసుకోనివారు ఆమె. ఒక్కసారి తప్ప.

మన వాటాదారుల్లో ఎక్కువమంది రాజంపేట వైపు పసుపు రైతులు. తొలినాళ్లలో పసుపు పోసి వాటాలు తీసుకున్న కుటుంబాలవి. వారి పేర్లే కాదు, వారి బావుల లోతులు కూడా శివజ్యోతిగారికి కంఠస్థం. ఏటా సర్వసభ్య సమావేశానికి వచ్చే మహిళలకు గుమ్మం దగ్గర మన కుంకుమతోనే బొట్టు పెట్టి ఆహ్వానించడం ఆనవాయితీ. గుమాస్తాగా మొదలుపెట్టిన ఆ పనిని ఆమె అధికారిణి అయ్యాక కూడా ఎవరికీ అప్పగించలేదు.

కాలక్రమేణా మన కుంకుమలో పసుపు తగ్గి, సీసం కలిసిన చవక రంగు రంగంలోకి దిగింది. నుదుళ్ల మీద దద్దుర్లు లేచాయి. మూడేళ్ల క్రితం, ఆ రంగు మానాలని రాజంపేట ఓబులమ్మగారు తోటి వాటాదారులతో కలిసి తీర్మానం పెట్టారు. ఛైర్మన్ పుల్లయ్యగారు ముందురోజే శివజ్యోతిగారిని పిలిచి, "భోజనాలయ్యేలోగా అది వీగిపోవాలమ్మా, ఎత్తిన చేతులు లెక్కపెట్టేది నువ్వే గదా. నెగ్గిందంటే నీ కుర్చీ యాడుంటాదో నాకు తెలీదు" అన్నారు. ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తున్న రోజులవి.

మర్నాడు గుమ్మం దగ్గర ఓబులమ్మగారు ఎప్పటిలాగే నుదురు ముందుకు చాపారు. కనుబొమల మధ్య పుండు. శివజ్యోతిగారి వేలు పళ్లెంలోనే ఆగిపోయింది.

"పెట్టమ్మా, ఏం జూస్తాండావు? మన కుంకుమే గదా!" అన్నారు ఓబులమ్మగారు ఎకసెక్కంగా.

శివజ్యోతిగారు పళ్లెంతో నేరుగా వేదిక ఎక్కి, "ముందు పెద్దలకు పెడతాను సార్" అంటూ పుల్లయ్యగారి నుదుటి వైపు చేయి చాపారు. ఆయన తల వెనక్కి లాక్కుని, "వద్దమ్మా, నాకు పడదు! దురద పెడతాది!" అన్నారు. ఎదురుగా ఉన్న మైకు అప్పటికే పనిచేస్తోందని ఆయన గమనించలేదు.

"నీకే పడకపోతే మాకెట్ల పడతాదప్పా పుల్లయ్యా?" అన్నారు గుమ్మం దగ్గర్నుంచి ఓబులమ్మగారు.

ఆ తర్వాత నవ్వుల్లో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. తీర్మానానికి చేతులెత్తమనేసరికి భోజనాల వరుసలో నిలబడ్డవారు కూడా లోపలికొచ్చి ఎత్తారు. రంగు ఓడింది, మా యాజమాన్యం రంగు బయటపడింది.

మర్నాడు సొరుగు ఖాళీ చేసి, సామాను సంచిలో సర్దుకుని కూర్చున్న శివజ్యోతిగారి దగ్గరికి పుల్లయ్యగారే వచ్చారు. "యాడికి పోతాండావు? కూచో. అచ్చం పసుపుతో కుంకుమ తయారైనాక తొలి బొట్టు నాకే పెట్టు. పోయిన నా పరువు తెచ్చే పని కూడా నీదే" అన్నారు. ఆమె ఒక్కసారిగా ఊపిరి వదిలారు. గోడవతల చెవులొగ్గి నిలబడ్డ విభాగమంతా వదిలింది. ఇదంతా దాచకుండా మన పత్రికలో అచ్చు వేయమన్నది కూడా పుల్లయ్యగారే.

వీడ్కోలు సభకు ఓబులమ్మగారు వస్తున్నారు. నుదురు ఎప్పుడో మానింది. "ఈసారి బొట్టు నేను పెడతా, ఆయమ్మను కూచోబెట్టండి" అని కబురంపారు. ఇన్నేళ్లు గుమ్మంలో నిలబడి అందరినీ పిలిచిన శివజ్యోతిగారు ఇకపై ఏ పళ్లెమూ మోయకుండా, ముందు వరుసలో వాటాదారుగా కూర్చుని, చక్కని ఆరోగ్యంతో, దీర్ఘాయుష్షుతో మా తర్వాతి తరం ఛైర్మన్లను కూడా నిలదీయాలని మనసారా కోరుకుంటున్నాం.