నలభై ఒకటో పీపాకు అక్కయ్యగారు కట్టిన విలువ

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, మా మూల్యనిర్ణయ సంస్థలో చీటీలు రాసే గుమాస్తాగా ఇరవై నాలుగేళ్ళ యువతి ఒకరు చేరారు. పీపాలలో పరిపక్వమవుతున్న సింగిల్ మాల్ట్ విస్కీని రుచి చూసి, దాని యోగ్యతను నిర్ధారించి, ఇంత చేస్తుందని యజమానులకు రాసివ్వడం మా సంస్థ వృత్తి. ముప్పై ఆరేళ్ళ అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ నెలాఖరున ప్రధాన రుచి పరీక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణిని మేమంతా అక్కయ్యగారనే పిలుచుకుంటాం. వారి పక్కన ఇరవై రెండేళ్ళు గ్లాసులు తుడిచి, నీళ్ళు కొలిచి, అడపాదడపా చీవాట్లు తిని ఇంతవాణ్ణయిన నాకు మా సంస్థ పత్రిక వీడ్కోలు సంచికలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట, నమూనా సీసాల బల్ల పక్కనుంచి నడిచి వెళ్తూ, రెండు సీసాలకు చీటీలు తారుమారయ్యాయని వారు చెప్పారట. చెప్పింది చదివి కాదు, వాసన చూసి. అప్పటి ప్రధాన పరీక్షకులు నవ్వి, పరీక్షించి, నవ్వు మానేసి, మర్నాడే వారిని రుచి గదికి మార్పించారు. ముక్కుసూటి మనిషి అనే మాటను మనం గుణానికి వాడతాం. వారి విషయంలో అది హోదా కూడా అయింది.

ఆ రుచి గది ఉత్తరపు వెలుగుతో, తెల్లటి బల్లతో, నీలి గాజు గ్లాసులతో ఎప్పుడూ తెల్లవారుజాములాగే ఉండేది. షెర్రీ అనే ద్రాక్షాసవం నిలవ ఉండి ఖాళీ అయిన ఓక్ పీపాలో విస్కీని పోసి, పదేళ్ళో ఇరవయ్యేళ్ళో కదపకుండా ఉంచితే, ఆ చెక్క తాను తాగినదంతా మెల్లమెల్లగా విస్కీకి ఒప్పజెబుతుంది. అలాంటి విస్కీ ముదురు రంగు చూసి మురిసిపోయేవారే ఎక్కువ కనుక, రంగు కనబడకుండా నీలి గ్లాసులు పెట్టించింది అక్కయ్యగారే. కళ్ళు మూసుకుని వాసన పీల్చి, రెండు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ పీల్చి, నాలుక మీద ఒక్క నిమిషం ఉంచుకుని ఉమ్మేసి, ఆ తరవాత ఏమీ చేయకుండా చాలాసేపు కూర్చునేవారు. నాలుక ఖాళీ అయ్యాక ఏది ఎంతసేపు నిలుస్తుందో దాన్నిబట్టే విలువ కట్టాలనేవారు. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, అక్రోటు పప్పు అని మేము రాసుకుంటూ ఉంటే, వారు మాత్రం వేసవి మధ్యాహ్నం తలుపులు మూసిన గది అనో, వాన వెలిసిన వీధిలో ఎవరో బీరువా తెరిచారనో, నిద్రలో పలికినట్టు పలికేవారు. విన్న మాకు కూడా కాసేపు ఎక్కడున్నామో తెలిసేది కాదు.

ఇన్నేళ్ళలో ఒక్క గుటకైనా మింగని ఈ తపస్విని గురించి వారి భర్తగారు ఒక మాట అంటూంటారు. ఇంట్లో వంట ఆయనదే. తాను వండిన కూరను మాత్రం ఈవిడ మింగుతారనీ, ఈ జన్మకు ఆ గౌరవం చాలనీ ఆయన ఉవాచ.

ఇక రెండు వేల పదకొండు నాటి సంగతి. మాకు పీపాలు బిగించిపెట్టే మేస్త్రి ఒకరు ఉండేవారు. ఆయన తన కష్టార్జితంతో ఒకే ఒక్క షెర్రీ పీపా కొనుక్కుని, ఇరవై ఒక్క ఏళ్ళు దాచి, దాని రుచి చూడకుండానే కన్నుమూశారు. అది నలభై ఒకటో నంబరు పీపా. మేస్త్రి కుటుంబం అద్దెకుంటున్న ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడు. పీపాకు మంచి ధర వస్తే ఆ ఇల్లు మేస్త్రి గారి భార్యది అవుతుంది. రాకపోతే ఆమె నెలాఖరుకు సామాను సర్దుకోవాలి. అక్కయ్యగారు పరీక్షించి, గంధకపు దోషం ఉంది, చౌకరకాలలో కలపడానికి తప్ప పనికిరాదు అని రాసి పంపారు. షెర్రీ పీపాలు పాడవకుండా లోపల గంధకం వెలిగిస్తారు కనుక, అప్పుడప్పుడు అగ్గిపుల్ల గీసినటువంటి వాసన విస్కీలో ఉండిపోవడం కద్దు.

మర్నాడు ఉదయం వారు ఎందుకో స్థిమితం లేక అదే నమూనాను మళ్ళీ తెప్పించుకున్నారు. కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, గంటకు పైగా కదలలేదు. చివరికి కళ్ళు తెరిచినప్పుడు అవి తడిగా ఉన్నాయి.

"నిన్న నా ముక్కు తప్పు చెప్పింది. ఇందులో గంధకం లేదు. ఇంత మంచిది నేను చూసి పదేళ్ళయింది," అన్నారు.

"చీటీ వాళ్ళకి చేరిపోయింది కదా అక్కయ్యగారూ. ఇప్పుడు మారిస్తే రేపు మీ మాటకి విలువేం ఉంటుంది?" అన్నాను.

"నా మాట విలువ సంగతి తరవాత చూద్దాంలే. ముందు పీపా విలువ చూడు."

ఆ పూటే వారు స్వయంగా మేస్త్రి గారి ఇంటికి వెళ్ళి, పొరపాటు తమదని చెప్పి, కొత్త చీటీ ఇచ్చి వచ్చారు. ఆ ఇల్లు ఆమెకు దక్కింది. సంస్థ పరువు పోయిందని పైవారు మాత్రం అక్కయ్యగారి సేవా పుస్తకంలో మందలింపు రాశారు. ఆ ఏడు రావలసిన ప్రధాన పరీక్షకురాలి పదవి రెండేళ్ళు వెనక్కి పోయింది. తక్కువ విలువ కట్టిన ప్రతి పీపానూ రెండో రోజు మళ్ళీ పరీక్షించాలన్న నేటి నియమం, పదవిలోకి వచ్చాక వారు చేసిన మొదటి ఉత్తర్వు.

నేను ఇన్నాళ్ళూ దాచిన విషయం ఒకటుంది. నలభై ఒకటో పీపా నమూనా మొదటిసారి బల్ల మీద ఉన్నప్పుడు, పక్క గదిలో టీ కోసం పొయ్యి వెలిగించింది నేను. అగ్గిపెట్టె తేమకు మెత్తబడి ఉంటే నాలుగైదు పుల్లలు గీశాను. తలుపు ఓరగా తెరిచే ఉంది. రుచి గది ఉన్న ఆ గదుల వరసలో నిప్పు నిషిద్ధం. అప్పటికే ఒక హెచ్చరిక అందుకున్నవాణ్ణి. వారి చీటీలో గంధకం అన్న మాట చదవగానే నాకు సంగతి అర్థమైంది. ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. మర్నాడు వారిని ఆపబోయింది కూడా వారి పరువు కోసం కాదు, నా భయం కొద్దీ. పద్నాలుగేళ్ళు వారి ఎదురుగా కూర్చుని సిగ్గుపడుతూనే టీ తాగాను.

అక్కయ్యగారూ, నిన్న సంస్థ అధ్యక్షుల అనుమతితో మీ సేవా పుస్తకం తెప్పించుకున్నాను. ఆ మందలింపు కింద జరిగింది జరిగినట్టు రాసి, నా పేరుతో సంతకం పెట్టాను. మీ ముక్కు ఆ రోజు తప్పు చెప్పలేదు. మీ కుటుంబమూ మన సహోద్యోగులందరూ ఈ సంచికలో ఇది చదవాలనే ఇక్కడా రాస్తున్నాను. నన్ను క్షమించడానికైనా, తీరిగ్గా తిట్టడానికైనా కావలసినంత ఆయుష్షుతో, ఆరోగ్యంతో మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని చేతులు జోడించి కోరుకుంటున్నాను.