పెత్రోనాకు పిచ్చుకైన దోన్ ఎలియోదోరో

మేం గౌరవంగా దోన్ ఎలియో అని పిలుచుకునే శ్రీ ఎలియోదోరో చాలెన్ గారు 1986 మార్చి మూడవ తేదీన, గలాపగోస్ దీవుల ఎగువ పొలాల అంచునున్న మా తాబేళ్ల సంరక్షణ కేంద్రంలో కాపరిగా చేరారు. అంతవరకు వారికి తెలిసింది ఆవుల మందే.

ఇక్కడి నల్ల పిచ్చుక ఎదురుగా వచ్చి గెంతితే తాబేలు నాలుగు కాళ్ల మీద లేచి మెడ చాస్తుంది. మెడ ముడతల్లో, తొడల సందుల్లో నెత్తురు తాగే పిడుదులను పిట్ట ఏరుకుని తింటుంది. కడుపు నిండిన ఆడ పిడుదు మట్టిలోకి రాలి గుడ్లు పెట్టిందంటే, దాని పిల్లలు గడ్డి కొసలెక్కి మరో తాబేలు కోసం కాచుకుంటాయి. అందుకే చాలెన్ గారు కూడా తాబేలు కాలిని వేలితో పిచ్చుకలా తట్టి లేపి, పట్టకారుతో పిడుదులు తీసేవారు.

"ఏం పిచ్చుకా, కడుపు నిండిందా?" అనేది వంటమనిషి హసింతా.

"నిండింది తల్లీ! నీ చేపల చారు కంటే ఇవే నయం."

ఒక ఏడాది వానలు విడవక కురిసి, పిడుదులు ఏరినకొద్దీ పెరిగాయి. "ఆవుకి పనిచేసే పిడుదుల సూదిమందు తాబేలుకి పనిచేయదా?" అన్నారు వారు. మేమందరం ఆవుల మందలున్న ఇళ్లవాళ్లమే, ఎవరూ కాదనలేదు. నాలుగు తాబేళ్లకు వారే సూది వేశారు. మర్నాటికి నాలుగు మెడలూ ఇసుకలో వాలిపోయాయి. మూడు చచ్చిపోయాయి. నాలుగోది, పెత్రోనా, బతికింది గాని, వెనుక కాళ్లు పడిపోయాయి. లేవలేని తాబేలు దగ్గరికి పిచ్చుకలు రావు. నాటినుంచి ప్రతి ఉదయం దాని కింద చెక్క దిమ్మ పెట్టి, వారే పిడుదులు ఏరుతున్నారు.

బట్టలకు అంటుకుని పిడుదులు వస్తాయని, కొలువులో లేనివారిని దొడ్లలోకి రానివ్వరు. కొలువు విరమిస్తున్న వారు వీడ్కోలు భోజనంలో మా కేంద్రం అధికారిణిని అడిగింది ఇదొక్కటే.

"గేటు దగ్గర నన్ను ఆపకండమ్మా. అక్కడే బట్టలు మార్చుకుంటా."

"నా మోకాళ్లకి నూనె రాయమంటే తీరిక ఉండదు ఈ మనిషికి!" అన్నారు భార్య సోయిలా గారు.

"రండి దోన్ ఎలియో," అన్నారు అధికారిణి. "కానీ పెత్రోనా ఇంకో అరవై ఏళ్లు బతుకుతుందేమో."

"తెలుసమ్మా."

వారికీ పెత్రోనాకూ ఆయుష్షు ఇలా ఎందుకు పంచాడని దేవుణ్ణి అడగాలనిపిస్తుంది; జవాబుకు భయమేసి మానుకుంటాం. కాబట్టి శ్రీ చాలెన్ గారికి వంగే నడుమును, వణకని వేళ్లను, చెదరని చూపును, నిండు ఆయుష్షును ప్రసాదించమని వేడుకుంటున్నాం. ఇది మాటవరసకు కోరేది కాదు. రేపు ఉదయం కూడా పెత్రోనా ఎదురుచూస్తుంది.