అనంతయ్య లేపిన గోడ

కోడేరులో అనంతయ్య ఇల్లు, పొద్దున పదిన్నర. కోడలు నవనీతకు పదకొండింటికి ల్యాప్‌టాప్‌లో ఉద్యోగపు ఇంటర్వ్యూ. మూడు రోజులుగా నెట్టు లేదు. బాగుచేయడానికి వచ్చిన సాంసన్ తీగ పట్టుకుని అనంతయ్యను నిలదీస్తున్నాడు.

“ఇది ఎలుక కొరికింది కాదు కాక.”

“ఎలుకనే. మా ఇంట్ల ఎలుకలు మస్తు.”

“ఎలుక కొరికి, మెలేసి, నల్లటేపు గూడ సుట్టిందా?”

“టేపు... నేను సుట్టిన.”

“మామా! మీరా?”

“ఏందమ్మా నవనీతా? నలభై ఏండ్ల సంది బోరు మోటరుకు వైర్లు అతికిస్తున్న. ఒక్కటన్న ఊడిందా?”

“గది రాగి వైరు కాక. గిండ్ల లోపల అద్దం పోగు ఉంటది, వెంట్రుకంత సన్నగ. మెలేస్తే పలుగుతది.”

“అద్దంల కెల్లి నెట్టు వస్తదా? ఎవర్ని పిచ్చోన్ని చేస్తున్నవ్ సాంసనూ?”

“సరే. తెంపిందెవరు?”

“అదే తెగింది.”

“అదే ఎట్ల తెగుతది?”

“గోడ లేపుతుంటే అడ్డమొచ్చింది. జర... పార తగిలింది.”

“ఏ గోడ?”

“పక్కింటి బాలనాగమ్మోళ్ల దిక్కుది. నాలుగేండ్లాయె మాటలు బంద్ జేసి. వాళ్ల మొకాలు కండ్లవడొద్దని మొన్న ఇంక నాలుగు వరుసలు లేపిన.”

“గోడ ముచ్చట ఆనక సాంసనన్నా. నా ఇంటర్వ్యూ ఎట్ల? ఇది పోతే మళ్ల పిలువరు.”

“అతికే మిషను నాగర్‌కర్నూల్ల ఉందక్కా. తెచ్చేసరికి సాయంత్రమైతది. ఫోన్ నెట్టు పెట్టుకో.”

“ఈ ఇంట్ల సిగ్నల్ ఒక్క గీత గూడ రాదు.”

“అయితే బాలనాగమ్మక్కను వైఫై అడుగుండ్రి.”

“వద్దు! ఆమెను అడగొద్దు. మామా, మీరు చేనుకు పోండ్రి. నేనేదో తిప్పలువడ్త.”

“సూసినవా సాంసనూ? కొలువు పోయినా సరే, మామ ఇజ్జత్ పోవద్దంటది. గిసొంటి కోడలు ఎవనికి దొరుకుతది?”

“గది కాదు మామా...”

“నువ్వు ఊకో బిడ్డా. నీ కొలువు కన్న నా పంతం పెద్దదా? నేనే అడుగుత. సాంసనూ, ఆ స్టూలు గోడ కాడ ఎయ్యి.”

“మామా, జర ఆగుండ్రి, నేను చెప్పేది...”

“ఓ బాలనాగమ్మా! ఇంట్ల ఉన్నవా?”

“ఎవరు, అనంతయ్య బావనా? గోడ మీద ఉత్త తలకాయే కనవడె, గుర్తువట్టలే.”

“పాత ముచ్చట్లు మర్సిపోదం. దండం పెడ్త. మా కోడలికి ఇంటర్వ్యూ ఉంది, ఒక్క గంట మీ వైఫై ఇయ్యి.”

“మాకెక్కడిది బావా వైఫై? రెండేండ్ల సంది మీదే వాడుకుంటున్నం. నువ్వు గోడ లేపిన కాన్నుంచి మాకు గూడ బందే.”

“మాదా? మా పాస్‌వర్డ్ నీకెవరిచ్చిండ్రు?”

“ఇంకెవరు, నీ కోడలే. మా మిద్దె మీద ఫోనుకు సిగ్నల్ మంచిగొస్తదని పొద్దుగాల్నే ఆమెకు కుర్చీ ఏసి పెట్టిన. నువ్వేందయ్యా, ఇంక చేనుకు పోవు?”