నిద్రపోయానని సంతకం

హలో… ఆ, నేనే అక్కా. పెట్టెయ్యకు. ఇది ఇక్కడి నర్సు ఫోను. నాది క్యాబిన్లోనే నుజ్జయిపోయింది.

ఆసుపత్రిలోనే… కట్లు కట్టే గదిలో.

లేదు, ప్రాణానికేం ఫర్వాలేదు. ఎడమ చెయ్యి విరిగింది. నుదుటి మీద ఆరు కుట్లు… ఏడవడం లేదు. ముక్కులో రక్తం గడ్డకట్టి గొంతు అలా వస్తోంది.

ముందు నా మాట విను. సూపర్‌వైజర్ టీ తాగొస్తానని వెళ్ళాడు. వచ్చేలోపు నువ్వే ఏదో ఒకటి చెప్పాలి. నాకు స్టీరింగు పట్టడం నేర్పిందానివి, ఇంకెవర్ని అడగను?

ఆ… ముసలమ్మే. మనం ముసలమ్మ అంటామే, ఆ లారీయే. గాజు పలకల లోడు. కొండ దిగుడులో రెండో మలుపు దగ్గర బ్రేకు పెడలు తొక్కితే… నేలకంటింది. మళ్ళీ తొక్కా. ఊహూఁ. బురదలో కాలేసినట్టు దిగిపోయింది.

లాగాను! గేరు రెండులోకి లాగా, హ్యాండ్‌బ్రేకు లాగా. నువ్వు చెప్పినవన్నీ చేశానక్కా, ఒక్కటీ మర్చిపోలేదు.

ముందు స్కూలు వ్యాను. వెనకద్దానికి ముక్కులు ఆనించి నలుగురు పిల్లలు… ఒక పాప నాకు టాటా చెప్తోంది.

ఇంకేం చేస్తాను? కొండకేసి తిప్పేశా. రాతిగోడను రాసుకుంటూ, రాసుకుంటూ పోయి ఆగింది.

వ్యానా? వెళ్ళిపోయింది. వాళ్ళకసలు తెలిసినట్టే లేదు… లోడంటావా, పిండి.

అది కాదక్కా అసలు సంగతి. సూపర్‌వైజర్ కాగితం తెచ్చాడు. చదువుతా విను. ‘నిద్రమత్తు వల్ల బండి అదుపు తప్పినది. బండిలో ఏ లోపమూ లేదు.’ కింద నా సంతకానికి గీత.

పొద్దున్న పదకొండింటికి నిద్రేంటక్కా!

…రాశాను. గేటు దాటకముందే రాశాను. ‘బ్రేకు సరిగా పట్టడం లేదు’ అని రిజిస్టర్లో, నా చేత్తో. మెకానిక్ ఏమన్నాడో తెలుసా? ‘బండికేం రోగం లేదు, నీ కాలికే బలం లేదు’ అన్నాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వేశా. సిగ్గులేనిదాన్ని… నవ్వేసి తాళం తిప్పా.

ఇప్పుడు ఆ పేజీయే లేదంట.

సంతకం పెడితేనా? గేటు దగ్గర టోకెన్లు రాసే పని ఇస్తారంట. స్టీరింగు మాత్రం ఇక ముట్టుకోకూడదు. పెట్టకపోతే… మీ ముగ్గుర్నీ కూడా తీసేస్తారంట. ‘ఆడ డ్రైవర్లు నలుగురు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలదా’ అన్నాడు సూపర్‌వైజర్.

…నీకు ముందే చెప్పాడా? ఎప్పుడు?

…అంటే, నాకు కుట్లు వేస్తుండగానే.

సంతకం పెట్టెయ్యమంటున్నావా.

లేదు, కోపం లేదు… తెలుసక్కా. ఇల్లంతా నీ ఒక్కదాని రెక్కల మీదే నడుస్తోందని నాకు తెలీదా? నలభై దాటాక లైసెన్సు తెచ్చుకున్నావు, తోడికోడళ్ళు మూతులు తిప్పుకున్నా. తెలుసు.

కానీ ఒకటి చెప్పు. సంతకం పెట్టాననుకో. ముసలమ్మకి సొట్టలు తీసి, రంగేసి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. లోపమే లేదని నేను రాసిచ్చాక బ్రేకు ఎవరు చూస్తారు? ఆ తాళం ఎవరి చేతికొస్తుంది? కొత్త బళ్ళన్నీ మగాళ్ళకి, ముసలమ్మ మనకి. అంతేగా ఇన్నాళ్ళూ?

…అక్కా?

…ఏంటీ? మళ్ళీ చెప్పు.

పోయిన వారమా? నీకా? …పెడలు అలాగే దిగిపోయిందా?

…

తెలిసే నిన్న నా చేతికి తాళం ఇచ్చావా?

…నోరు విప్పితే ఆడవాళ్ళు వంకలు పెడుతున్నారంటారనా? చచ్చిపోయేదాన్నక్కా! నేను పోతే పోనీ, ఆ పిల్లలు…

ఏడవకు. నువ్వు ఏడిస్తే నేనెవరి దగ్గర ఏడవను?

…ఏమనను. నిన్నేమనను? నువ్వు ఊరుకున్నావు, నేను నవ్వేశాను. దొందూ దొందే.

ఆగు, వస్తున్నాడు. పెట్టెయ్యకు.

సార్… చదివానండీ. …సంతకం పెట్టను సార్.

…ఆ ముగ్గురి సంగతీ ఆలోచించే చెప్తున్నా. నేను నిద్రపోలేదు. కళ్ళు తెరుచుకునే బండిని గోడకి కొట్టా.

…రిజిస్టర్ మీ దగ్గరే ఉంటుంది కదండీ, పేజీ ఏమైందో నన్నడిగితే ఎలా?

…సాక్ష్యమా?

…ఒక్క నిమిషం సార్. ఏంటక్కా? …స్పీకర్లో పెట్టాలా? బాగా ఆలోచించుకున్నావా? నీ ఉద్యోగం…

…సరే. సరే అక్కా.

సార్, మా అక్క. పోయిన వారం ఆ బండి తోలింది తనే. మీతో మాట్లాడుతుందట… కూర్చోండి సార్, నిలబడి వినే మాట కాదు.

ఇదిగో, బల్ల మీద పెడుతున్నా… ఆ, చెప్పక్కా. గట్టిగా చెప్పు.