తొండ మెడ మీది ఎరుపు

బుజ్జీ! ఒసేయ్ బుజ్జీ! ఆ తడిగుడ్డ పక్కన పడెయ్. నీకు దణ్ణం పెడతాను, దాని మీద నీళ్లు పడనివ్వకు. కిటికీ తుడవమన్నాను గానీ తొండకి తలంటు పొయ్యమన్నానా? ఇలా ఇవ్వు. మెల్లిగా. తోక పట్టుకోకు, ఒకసారి విరిగితే మీ తాతయ్యే అతికించాడు. హమ్మయ్య. నీళ్ల రంగు తల్లీ అది, పైన వార్నిష్ లేదు, తడిచెయ్యి తగిలినా ఊడొచ్చేస్తుంది. ఆఁ, మట్టి కాదు, ప్లాస్టరు. పోసింది నేనే. రంగు వేసింది మాత్రం రంగులాయన. ఆయన సంగతి నీకెప్పుడూ చెప్పలేదా? చెప్పే ఉంటాను. లేదా? సరే కూర్చో, ఆ బకెట్ తన్నేయకుండా కూర్చో.

నా పెళ్లికి ముందు మాటలే ఇవి. మ్యూజియం వెనక రేకుల షెడ్డులో అద్దాల పెట్టెలకి బొమ్మలు చేసేవాళ్లం. పాములు, కప్పలు, ఇదిగో ఇలాంటివి. నేను అచ్చుల్లో పోత పోసేదాన్ని, ఆయన రంగులేసేవాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, ఎప్పుడూ చెవి వెనక ఒక కుంచె. తెల్లటి మనిషి. ఎంత తెలుపంటే, లోపల ఏమనుకున్నా బయటికి తెలిసిపోయేది పాపం. ఆ ఏడు పెద్దసారు తొండల పెట్టె ఒకటి చెయ్యమన్నాడు. తొండకేముంది, ఒక్క అచ్చు తీసి అన్నీ అందులోనే పోసేద్దాం అన్నాను నేను. రంగులాయన నవ్వి, షెడ్డు వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. "చూడండి" అన్నాడు. నన్ను అండీ అనేవాడు, నా ఈడువాడే అయినా! గోడ మీద పెద్ద మగతొండ, తలా మెడా నిప్పుకణికలా పెట్టుకుని, దండీలు తీస్తోంది. "జత కోసం వెతుక్కునే కాలమండీ, అందుకే ఆ ఎరుపు. ఈ కాలం దాటితే బూడిదరంగే" అన్నాడు. కింద ఆడతొండ. మట్టిరంగు ఒళ్లు, రెండు పక్కలా పాలిపోయిన చారలు. వేలెడంత పిల్లలకేమో వీపు మీద అడ్డపట్టీలు, పెరిగేకొద్దీ అవి చెదిరిపోతాయట. ఇంకో వింత, రెండు మగవి కొట్టుకుంటే ఓడినదానికి మనం చూస్తుండగానే ఎరుపు దిగిపోతుందట. "మరి ఆడదానికో?" అన్నాను. "దాని మనసులో ఏముందో రంగులో కనబడదండీ" అన్నాడు. అని ఎందుకో నా వంక చూశాడు, వెంటనే గోడ వంక తిరిగిపోయాడు.

పిల్లదానికీ ఆడదానికీ రంగులెయ్యడం అయిపోయింది. మగదాని దగ్గరికొచ్చేసరికి వానాకాలం వెళ్లిపోయింది, బోనులో పెట్టుకున్న తొండ కాస్తా బూడిదరంగుకి తిరిగిపోయింది. ఊహించి వెయ్యడం ఆయనకి చేతకాదు, కంటితో చూడనిది కుంచెతో ముట్టడు. పెద్దసారేమో రోజూ వచ్చి, "ఏమయ్యా, నేను రిటైరయ్యాక ఇస్తావా ఆ తొండ?" అని సణుగుడు. చివరికి ఒక ఉపాయం తట్టింది రంగులాయనకి. బోను ముందు అద్దం నిలబెడితే, అందులో ఇంకో మగదుందనుకుని రోషంతో ఎర్రబడుతుందేమోనని. నన్ను బోను కదలకుండా పట్టుకోమన్నాడు. ఇద్దరం పక్కపక్కనే, మోకాళ్ల మీద. తొండ అద్దంలోకి చూసింది. ఆవులించినట్టు నోరు తెరిచింది, కళ్లు మూసుకుంది. రంగూ లేదు, రోషమూ లేదు. నవ్వొచ్చి తలెత్తానా, అద్దంలో మా ఇద్దరి మొహాలూ. ఆయన నన్నే చూస్తున్నాడు బుజ్జీ. కాలర్ దగ్గర్నుంచి చెవుల దాకా ఎరుపు ఎక్కుతోంది, పొద్దున్నే తెల్లగోడ మీదికి ఎండ పాకినట్టు. పెట్టెలకి చెక్క కొట్టే వడ్రంగి బాబాయి ఊరుకుంటాడా! "ఏమోయ్, తొండకి కాలం దాటింది గానీ నీకిప్పుడే వచ్చినట్టుందే!" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. ఆయన మాత్రం తల దించుకోలేదు. అద్దంలోనే చూస్తూ, మెల్లిగా, "మీరేమీ అనరా?" అన్నాడు. "పోత గట్టిపడిపోతోంది" అని నేను లేచొచ్చేశాను. అబద్ధమేం కాదు. ప్లాస్టరు నీళ్లలో కలిపాక మనకోసం ఆగదు.

ఆ సాయంత్రమే మగతొండకి రంగేసేశాడు. ఇదిగో, ఇదే. వెలుగులో పెట్టి చూడు. తొండ ఎరుపేనా ఇది? పెద్దసారు చూసి, "ఇదేం రంగయ్యా, తొండకి జ్వరమొచ్చిందా?" అని పక్కన పడేయించాడు. అంతవరకూ ఒక్క పొరపాటూ చెయ్యని మనిషి. అద్దంలో చూసిందే వేశాడు మరి! మళ్లీ వెయ్యమంటే వెయ్యనన్నాడు. మాటా మాటా పెరిగింది, ఎక్కడో వేరే ఊళ్లో పని చూసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు దీన్ని నా పోతబల్ల మీద పెట్టాడు, నేను అన్నానికి వెళ్లినప్పుడు. తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడని వడ్రంగి బాబాయే చెప్పాడు. ఎంత వయసనీ! మీ తాతయ్యకి తెలుసా అంటే... ఆయనే కదూ కిటికీ పక్కన ఎండ పడని మూల చూసి ఈ చెక్క బిగించి, "ఇక్కడ పెట్టుకో, రంగు వెలిసిపోకుండా ఉంటుంది" అన్నది. అంతకు మించి ఏమీ అడగలేదు. మంచి మనిషి, నాకే లోటూ చెయ్యలేదు.

ఆ గుడ్డ పిండి ఆరెయ్. ఏంటే అలా చూస్తావు? నాకేమీ అనిపించలేదా అనా? బాగుంది, నువ్వూ రంగులాయన అడిగిందే అడుగుతున్నావు. ఏదీ, నా చెయ్యి పక్కన నీ చెయ్యి పెట్టు. నల్లటి నలుపు కదూ మనది. ఆ రోజు నా మెడా కాలిపోయిందే, చెవుల దాకా. ఎవరికీ కనబడలేదు. నాకాయనంటే ఇష్టం బుజ్జీ. చాలా ఇష్టం.