గాలిరాటలు నిలబెట్టిన ఊపిరక్క గారు

1989 జూలై 17వ తేదీన మన గుడారాల కర్మాగారపు నమూనా విభాగంలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించి, నేడు ప్రధాన రూపకర్త్రిగా పదవీ విరమణ చేస్తున్నవారు, మనమందరం ఆప్యాయంగా ఊపిరక్క అని పిలుచుకునే మన సహోద్యోగిని. ఆనాడు ఆమెను వెంటబెట్టుకొని గేటు దాటించినవారు ఆమె అన్నగారు, ఇనుప రాటల విభాగంలో వెల్డింగ్ మేస్త్రీ. తండ్రి లేని ఆ ఇంట చెల్లెలి చదువంతా ఆయన రెక్కల కష్టమే.

ఒక వరద శిబిరంలో ఆమె చూసిన దృశ్యం ఆమె వృత్తిజీవితాన్నే మలుపు తిప్పింది. రాటకు బిగించవలసిన ఇనుప అతుకు ముక్క దారిలో ఎక్కడో పడిపోగా, ఒక బాలింత తన పసికందుపై గుడారం కూలకుండా పొద్దంతా ఆ రాటను చేతులతో ఎత్తిపట్టుకొని నిలబడి ఉన్నది. విడిభాగాలే లేకుండా, పంపుతో గాలి నింపగానే లేచి నిలిచే రాటల కోసం ఊపిరక్క గారు ఏళ్ల తరబడి పరిశ్రమించారు. తొలి నమూనా నిండుసభలో మెల్లగా ఒరిగి మేనేజరు గారి భుజంపై వాలినప్పుడు, "అమ్మా, దీనికి నాకన్నా నిద్ర ఎక్కువున్నట్టుందే!" అన్నారాయన. అందరికన్నా గట్టిగా నవ్వినవారు అన్నగారే.

గాలిరాటలు గాలివానలకు తట్టుకొని నిలిచాయి. ఇనుప రాటలను అడిగేవారు కరువయ్యారు. ఆ విభాగం మూతపడింది.

"అన్నయ్యా, నా దగ్గరికి వచ్చెయ్. గాలి నింపే రబ్బరు గొట్టాలను అతకడం నేను నేర్పిస్తా."

"ఇన్నేళ్లూ నిప్పుతో పనిచేసినవాణ్ణి, ఇప్పుడు బుడగలు ఊదమంటావా?" అని నవ్వుతూనే వచ్చారాయన.

కానీ వెల్డింగ్ వెలుగులు ఆయన చూపును ఏనాడో మసకబార్చాయి. ఆయన అతికిన గొట్టాన్ని నీళ్లతొట్టిలో ముంచితే అతుకు పొడవునా బుడగలు లేచాయి. తనిఖీ చేయవలసినవారు చెల్లెలే. తోటివారంతా చూస్తుండగా ఆమె అన్నారు:

"ఇది పనికిరాదన్నయ్యా."

"తీసి పారెయ్యమ్మా. రేపు ఎవరి నెత్తినో కూలితే?" అని ఆయన చేతి తొడుగులు విప్పి బల్లపై పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఆపై ఆయన ఇంట్లోనే కూర్చుండిపోయారు. ఆమె వెళ్లిన ప్రతిసారీ కుశలమడిగేవారు, పని ఊసు మాత్రం ఎత్తేవారు కారు. ఒక్క నిష్ఠూరమైనా ఆడి ఉంటే ఆమెకు కాస్త తెరిపిగా ఉండేది. గత వర్షాకాలంలో ఆయన కన్నుమూశారు.

"ఆయనకు నీమీద కోపం లేదమ్మా," అన్నారట వదినగారు. "ఎందుకూ కొరగాకుండా పోయానన్న దిగులే మనిషిని తినేసింది."

ఎన్నో ఆసుపత్రి శిబిరాలు నేడు ఆమె రాటలపై నిలిచి ఉన్నాయి. ఈ వీడ్కోలు సంచిక కోసం ఆ మాటే గుర్తుచేస్తే ఆమె తల ఊపి, "అవును, అవి నిలబడ్డాయి. మా అన్నయ్యనే నిలబెట్టుకోలేకపోయాను," అని కిటికీ వైపు తిరిగారు.

మనశ్శాంతి కలగాలని కోరుకునే ధైర్యం మాకు చాలడం లేదు. అయినా, ఆమె కంటిచూపూ కాళ్ల సత్తువా చెక్కుచెదరక, సంపూర్ణ ఆరోగ్యంతో దీర్ఘకాలం వర్ధిల్లాలనీ, ఒంటరియైన వదినగారికి ఆమె, ఆమెకు వదినగారు తోడై కలకాలం ఉండాలనీ నిండు మనసుతో ఆకాంక్షిస్తున్నాము.